ఆదివారం సంతలో దొరికిన కుట్టుమిషను మోటారు: పని ఎంతవరకొచ్చింది

బెంగళూరు చిక్‌పేట పక్కన ఆదివారం సంతలో కొన్న పాత మోటారు మొత్తానికి తిరిగింది. నేమ్‌ప్లేట్ మీద ఏసీ, డీసీ రెండూ రాసున్నాయి, అంటే రెంటి మీదా తిరిగే యూనివర్సల్ మోటారు. 1905లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి బెంగళూరుకొచ్చిన ఏసీ కరెంటు సెకనుకి 25 సైకిళ్లది, ఇప్పుడు మనకొచ్చేది 50. ఫ్యాన్లలో ఉండేలాంటి ఇండక్షన్ మోటారుకైతే ఆ తేడాతో వేగమే మారిపోతుంది. దీనికి పట్టదు.

ఇలాంటివి ఇంటికి తేగానే ప్లగ్గులో పెట్టి చూడబుద్ధేస్తుంది. పెట్టకండి. బాడీకి కరెంటు లీకవుతుందేమో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూస్తే వైండింగుకీ బాడీకీ మధ్య 0.3 మెగోమ్ చూపించింది. కనీసం ఒక మెగోమ్ (పది లక్షల ఓములు) లేనిదే నేను కరెంటివ్వను. వైండింగ్ షాపాయన హిందూపురం మనిషి. వాసన చూసి, "కాల్లేదు సార్, చెమ్మ పట్టిందంతే. రీవైండింగ్ దండగ, ఆరబెట్టుకోండి" అన్నాడు. చేతికొచ్చిన బేరం వదులుకుని మరీ! రేకు డబ్బాలో 60 వాట్ల బల్బు వెలిగించి రాత్రంతా ఉంచితే పొద్దున్నకి 8 మెగోమ్‌కి ఎక్కింది.

అసలు పనంతా కమ్యుటేటర్ దగ్గరే, అంటే షాఫ్టు మీద రాగి పలకలు పేర్చిన గుండ్రటి భాగం. రాగి అరిగి, పలకల మధ్య కరెంటు పారనివ్వని మైకా పైకి తేలింది. పలకలకి కరెంటందించే కార్బన్ బ్రష్ దానిమీద ఎగిరెగిరి పడుతుంది, నిప్పురవ్వలు అందుకే. విరిగిన హాక్సా బ్లేడు ముక్కని సన్నగా సానబట్టి, ఒక్కో గాడిలో మైకాని రాగికంటే అర మిల్లీమీటరు కిందికి గీకాను. కళ్లు లాగేశాయి. తర్వాత సన్న శాండ్‌పేపరుతో నునుపు చేసి, గాడుల్లో పొడి దులిపి, స్పిరిటుతో తుడిచాను. ఎమరీ కాగితం మాత్రం వద్దు, దాని రవ్వలు కరెంటు పారనిస్తాయి.

ఎస్పీ రోడ్డులో దొరికిన కార్బన్ బ్రష్‌లు కాస్త లావు, అరగదీస్తే సరిపోయాయి. కమ్యుటేటర్ చుట్టూ శాండ్‌పేపరు గరుకువైపు పైకుండేలా చుట్టి, షాఫ్టు చేత్తో తిప్పితే బ్రష్ మొన ఆ వంపుకే అరిగి కూర్చుంది. షాఫ్టు తిరిగే బుష్‌లకి మిషను నూనె రెండేసి చుక్కలు చాలు, ఎక్కువైతే కమ్యుటేటర్ మీదికి పాకుతుంది. పొడిపొడిగా రాలుతున్న గుడ్డ వైరు తీసేసి మూడు తీగల వైరు వేశాను, బాడీకి ఎర్త్‌తో సహా.

మొదటి పరీక్ష 100 వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టి. బల్బు భగ్గున వెలిగి, మోటారు అందుకోగానే మసకబారింది. ఒక బ్రష్ కింద ఇంకా నీలం మెరుపుంది, ఆ స్ప్రింగు మార్చాలి. పుల్లీ స్క్రూ తుప్పుకి బిగుసుకుపోయింది, కిరోసిన్‌లో నానుతోంది. పెయింటు జోలికి మాత్రం వెళ్లను, ఆ బంగారు గీతలు మళ్లీ వేయడం నావల్ల కాదు.