మా పేరు మీద తవ్విన చెరువులు

పదహారేళ్ళు ఆకివీడులో ఒక చేపల ఎగుమతి ఆఫీసులో లెక్కలు రాశాను. ఏ చెరువులో ఎన్ని టన్నులు పట్టారు, ఎంత ఐసు పడింది, లారీ హౌరాకి వెళ్ళిందా గువాహటికి వెళ్ళిందా, కిలో ఎంత పలికింది, అన్నీ నా చేతి మీదుగానే పోయేవి. ఒకరోజు ఆ కాగితాల్లో మా ఊరి సొసైటీ చెరువు కనపడింది. మా నాన్న వాటాదారుగా వేలిముద్ర వేసిన చెరువది. అదే పట్టుబడి ఖర్చుల్లో, కాపలా కూలీల కింద రాసిన పేర్లలో, మళ్ళీ మా నాన్న పేరు ఉంది. ఒకే చెరువుకి ఆయన యజమాని, ఆయనే జీతగాడు. ఆ కాగితం టోటల్ చేసి ఫైల్లో పెట్టేశాను. అప్పటినుంచి దీని గురించి రాయాలని అనుకుంటూనే ఉన్నాను.

మాది కొల్లేటి లంక. ఊరి పేరు రాయను, రాస్తే ఎవరెవరో తెలిసిపోతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, వాటితోపాటు రెండు డెల్టాల మురుగు కాలువలు అన్నీ వచ్చి ఇందులోనే పడతాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. వచ్చే దారులు అన్ని, పోయే దారి ఒకటి. అందుకే వానాకాలంలో నీళ్ళు ఎక్కి ఊళ్ళ చుట్టూ పరుచుకునేవి, వేసవికి మెల్లగా దిగిపోయేవి. మా ఇళ్ళు మెరక మీద ఉండేవి. పక్క ఊరికి వెళ్ళాలన్నా దోనె ఎక్కాలి. రెండు తాటి దోనెలు జతకడితే సంగడి. పెళ్ళికూతుర్ని, ధాన్యం బస్తాల్ని, పురిటి నొప్పులు పడుతున్న మనిషిని, అందరినీ దాటించింది ఆ సంగడే.

నా చిన్నప్పుడు ఏడాది అంటే నీళ్ళే. ఆషాఢంలో కొత్తనీరు వస్తే మా నాన్న మావులు బాగుచేసుకునేవాడు. మావు అంటే వెదురు బద్దలతో అల్లిన బుట్ట, లోపలికి వెళ్ళిన చేప బయటికి రాలేదు. నీటి వాలు ఎటు, జమ్ము ఎక్కడ ఒత్తుగా ఉంది, రాత్రి గాలి ఎటు తిరుగుతుంది, అవన్నీ చూసుకుని మావు పెట్టాలి. అదే నీళ్ళలో నాలుగు బారల దూరంలో పెట్టినవాడికి ఏమీ పడేది కాదు. కార్తీకానికి కొల్లేరు నిండుగా ఉండేది. సంక్రాంతి దాటాక దిగడం మొదలై, ఎండిన చోటల్లా వేసవి వరి వేసేవాళ్ళు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి దోనెల మీద వెళ్ళేవాళ్ళం. పెళ్ళిళ్ళు వేసవిలోనే, అప్పులు తీర్చేది వేసవిలోనే. "నీళ్ళు దిగాక ఇస్తాను" అంటే షావుకారు కూడా సరేననేవాడు, ఎందుకంటే నీళ్ళు ఎప్పుడు దిగుతాయో ఆయనకీ తెలుసు.

తాగేది కూడా కొల్లేటి నీళ్ళే. మా మామ్మ తెల్లవారకముందే దోనెలో లోపలికి వెళ్ళి, అలజడి లేని చోట బిందె ముంచుకొచ్చేది. కుండలో చిల్లగింజ అరగదీసి వదిలితే సాయంత్రానికి మడ్డి అడుక్కి దిగిపోయేది. ఆ కుండ అడుగు నుంచి నీళ్ళు తోడితే మామ్మ చేతిమీద ఒక్కటి వేసేది. ఇప్పుడు మా లంకకి ఇరవై లీటర్ల టిన్నులు ఆటోలో వస్తాయి. చుట్టూ నీళ్ళున్న ఊరికి తాగే నీళ్ళు బండి మీద రావడం కొత్తవాళ్ళకి వింతగా ఉంటుంది, మా అమ్మకి ఇప్పుడు అలవాటైపోయింది. మామ్మ పోయేవరకూ ఆ నీళ్ళకి రుచి లేదనే అంది.

చెరువులు వచ్చింది 1970ల చివర్లో. కొల్లేటిలో చేపలు పట్టి బతికే మాలాంటి వడ్డి కులం కుటుంబాలకి, చిన్న రైతులకి ఆదాయం స్థిరంగా ఉండాలని ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. ఆలోచన చెడ్డదని నేను అనను. వరద వస్తే తిండి లేదు, ఎండ వస్తే చేప లేదు, ఆ బతుకు ఏమంత గొప్పది కాదు. పాతదంతా బంగారమని ఎవరైనా రాస్తే నాకు కోపం వస్తుంది. మా అత్తయ్య ఒకామె దోనె మీద ఆస్పత్రికి వెళ్తూ దారిలోనే పోయింది.

కానీ చెరువుకి పెట్టుబడి కావాలి. పిల్ల కొనాలి, తవుడు వేయాలి, ఎరువు, మందు, ఇంజను, డీజిలు. ఆ డబ్బు మా దగ్గర లేదు, మాకు అప్పిచ్చేవాళ్ళూ లేరు. రెండు మూడేళ్ళు నడిపి నష్టపోయాక ఊరి పెద్దలు కూర్చుని చెరువు లీజుకి ఇచ్చేశారు. వేలం పాట పెడతారు, బయటివాళ్ళు పాడుకుంటారు, వచ్చిన డబ్బుని ఇంటికింత అని పంచుతారు. ఆ డబ్బు చేతికొచ్చిన వారం ఊళ్ళో పండగలా ఉండేది. మాకు మొదటి రేడియో, మొదటి సైకిలు అలా వచ్చినవే. నా ఇంటర్ ఫీజు కూడా ఆ లీజు డబ్బే. అందుకే ఈ విషయంలో నేను ఒక పక్కన నిలబడి మాట్లాడలేను.

ఒక సొసైటీ చెరువు పక్కన ఇంకో చెరువు, దాని పక్కన ఇంకోటి, అలా 1990లు వచ్చేసరికి ఎటు చూసినా గట్లే. బొచ్చె, శీలావతి తప్ప ఇంకో చేప పేరు వినపడేది కాదు. నీరు ఎక్కడం దిగడం ఇప్పుడు గట్లు కట్టినవాళ్ళ ఇష్టం. మావు పెట్టడానికి చోటు లేదు, పెట్టినా చెరువు పాటదారు మనిషి వచ్చి తీసేస్తాడు. మా నాన్నకి తెలిసిన విద్య ఏదీ ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. గట్టు మీద మకాంలో ఒక నులకమంచం, టార్చిలైటు, ఒక కుక్క. రాత్రంతా ఆయన పని దొంగలు రాకుండా చూడటం. ఆ దొంగలు ఎవరు? మా ఊరి కుర్రాళ్ళే. ఒకసారి సొంత అన్నదమ్ముడి కొడుకుని పట్టుకున్నాడు. వాడిని వదిలేసి, పొద్దున్నే వెళ్ళి పాటదారుకి తనే చెప్పుకున్నాడు. ఆ నెల జీతంలో కోత పడింది.

ఏడాది కూడా మారిపోయింది. ఆషాఢం, కార్తీకం పోయి "పట్టుబడి ఎప్పుడు", "లీజు ఎన్నాళ్ళుంది" అనేవి వచ్చాయి. మూడేళ్ళ లీజు డబ్బు ఒక్కసారే పంచితే, పెళ్ళిళ్ళన్నీ ఆ ఏడాదే జరిగేవి. తర్వాత రెండేళ్ళు అప్పులు. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు, మా ఇంటి వీధిలో పెళ్ళిళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టి రాస్తున్నాను.

1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. ఐదో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు వరకు నీళ్ళు పరుచుకునే మేర, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో కాపాడాల్సిన చిత్తడి నేలల జాబితాలో, చేరింది. మా లంకలో ఈ రెండు మాటలూ చాలామందికి తెలియలేదు. తెలిసింది 2006లో, పొక్లెయిన్లు గట్ల మీదికి వచ్చాక. అభయారణ్యంలో ఉన్న చెరువుల గట్లు తెంచే ఆ పనిని ఆపరేషన్ కొల్లేరు అన్నారు. మా సొసైటీ చెరువు గట్టు తెగ్గొట్టిన రోజు నాన్న మకాం ముందు నిలబడి చూశాడు. ఆ రోజు ఆయన ముఖంలో ఉన్నది బాధో సంతోషమో నాకు ఇప్పటికీ తెలియదు. నీళ్ళు గట్టు దాటి బయటికి పారుతుంటే, "వాలు ఇంకా అటేరా" అన్నాడు తమ్ముడితో. అంతే.

ఆ గట్లు తెంచాల్సిందే. అది నా అభిప్రాయం, మా ఊళ్ళో చాలామందికి నచ్చదు. కానీ గట్లు పోయినంత మాత్రాన పాత కొల్లేరు తిరిగి రాలేదు. పట్టణాల మురుగు, చెరువుల మందుల నీళ్ళు వచ్చి చేరి ఉన్నాయి. గుర్రపుడెక్క దోనె కదలనంతగా పేరుకుపోయింది. వేసవిలో ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీళ్ళు వెనక్కి తంతున్నాయి. వల వేస్తే బరువుగా వచ్చేది నాచే. ఇస్తామన్న ప్రత్యామ్నాయ పనులు మా ఇంటిదాకా రాలేదు. నాన్న ఇంకో చోట, ప్రైవేటు భూమిలో తవ్విన చెరువుకి కాపలా వెళ్ళాడు. తమ్ముడు పట్టుబడి బ్యాచ్‌లో చేరాడు. రాత్రి రెండింటికి లేచి, మెడలోతు నీళ్ళలో వల లాగి, తెల్లారేసరికి లారీ నింపి పంపాలి. టన్నుకింత అని కూలి.

నాకు కోపం తెప్పించేది ఒకటుంది. చెరువులు తవ్వినప్పుడు పేదల కోసం అన్నారు. కొల్లేరు కాంటూరు ఐదు నుంచి మూడుకి తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసినప్పుడు కూడా లంక ప్రజల కోసమే అన్నారు. ఇప్పటికీ ఎన్నికలు వస్తే అదే మాట. మూడుకి తగ్గిస్తే అభయారణ్యంలో సగం కంటే తక్కువ మిగులుతుంది. మిగతా భూమిలో మళ్ళీ చెరువులు వస్తాయి, మళ్ళీ పెట్టుబడి లేనివాళ్ళం మేమే, మళ్ళీ లీజే. కొత్తగా మా ఇంటికొచ్చేది ఇంకో కాపలా జీతం. పక్షుల కోసం మాట్లాడేవాళ్ళు కూడా మమ్మల్ని అడిగింది లేదు. ఆటపాకలో గూడబాతులకి గూళ్ళు పెట్టుకోవడానికి స్టాండ్లు వేశారు, బాగుంది, నేను మా అబ్బాయిని తీసుకెళ్ళి చూపించాను. నీళ్ళు ఉన్నచోట మావు పెట్టుకునే హక్కు మాకు రాసి ఇమ్మంటే మాత్రం అది ఏ కాగితంలో రాయాలో ఎవరికీ తెలియలేదు.

ఆడవాళ్ళ సంగతి ఎవరూ రాయరు. మా అమ్మ తరంలో చేప పట్టేది మగవాళ్ళైతే అమ్మేది ఆడవాళ్ళు. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి బేరం చేసి డబ్బు చీరకొంగున ముడేసుకొచ్చేది అమ్మ. ఆ ముడి విప్పేది ఆవిడే. చెరువులు వచ్చాక చేప నేరుగా లారీ ఎక్కింది, గంప అటక ఎక్కింది. ఇప్పుడు మా మరదలు తెల్లవారుజామున కంపెనీ బస్సు ఎక్కి రొయ్యల షెడ్డుకి వెళ్తుంది. రోజంతా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి తలలు తీయాలి, పొట్టు తీయాలి. వేళ్ళ సందులు పాసిపోయి ఉంటాయి. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది, అది తన పేరు మీదే. దాన్ని మాత్రం తను గర్వంగా చెబుతుంది, నేనూ తక్కువ చేసి మాట్లాడను.

2024 సెప్టెంబరులో బుడమేరు తెగి విజయవాడ మునిగింది. అది టీవీలో అందరూ చూశారు. ఆ నీళ్ళు తర్వాత ఎటు వెళ్తాయని ఎవరూ అడగలేదు. మా దగ్గరికే వచ్చాయి. ఏలూరు–కైకలూరు రోడ్డు మీద ఎడ్లగాడి దగ్గర నీళ్ళు పారి రాకపోకలు ఆగిపోయాయి. వినాయక చవితికి మా లంకలో వీధుల్లోకి నీళ్ళొచ్చాయి. నేను టెన్షన్ పడి ఫోన్ చేస్తే నాన్న, "కంగారు పడకమ్మా, పౌర్ణమి దాటాలి" అన్నాడు. అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రం పోటు మీద ఉంటుంది, ఉప్పుటేరు నీళ్ళు బయటికి పోనివ్వదు. ఆ పోటు తగ్గితేనే కొల్లేరు ఖాళీ అవుతుంది. నేను టీవీలో ఎన్ని వేల క్యూసెక్కులో వింటూ కూర్చున్నాను, ఈయన చంద్రుణ్ణి చూసి చెప్పాడు. నీళ్ళు నిజంగానే పౌర్ణమి వెళ్ళాకే దిగాయి.

నీళ్ళు కాస్త తగ్గి రోడ్డు తెరిచాక నేను, మా అబ్బాయి వెళ్ళాం. నాన్న అరుగు మీద కూర్చుని ఏదో అల్లుతున్నాడు. మావు. వెదురు బద్దలు ఎక్కడ దొరుకుతాయి? చేపల పెట్టెలకి కట్టే నీలం ప్లాస్టిక్ పట్టీలు ఏరి తెచ్చాడు. నేను పదహారేళ్ళు లెక్కరాసిన పట్టీలవి, కట్ట ఇంత అని. వాటిని చీల్చి అల్లుతున్నాడు. మూతి దగ్గర మూడుసార్లు విప్పి మళ్ళీ అల్లాడు. డెబ్భై ఆరేళ్ళ చేతులు, వణుకు లేదు. సాయంత్రం ఇంటి వెనక పారే నీళ్ళలో దిగి, కాలితో అడుగు తడిమి, వాలు చూసి పెట్టొచ్చాడు.

పొద్దున తీస్తే అరకిలో శీలావతి ఒకటి, ఫంగస్ అనే పెంపుడు చేప పిల్లలు నాలుగు, జెల్ల ఒకటి. జెల్ల తప్ప మిగిలినవన్నీ గట్లు మునిగి బయటపడ్డ చెరువు చేపలే. "ఇవి పాటదారువి" అని నాన్న పక్కన పెట్టాడు, అమ్మ మాట్లాడకుండా అవి తీసుకుని చింతపండు నానబెట్టింది. జెల్లని మాత్రం మా అబ్బాయి చేతికిచ్చాడు. "ఇటు కాదు, ముల్లు గుచ్చుకుంటుంది. రెక్కల వెనకనుంచి, ఇలా, బొటనవేలు ఇక్కడ" అని వాడి వేళ్ళు సర్దాడు. వాడు సరిగ్గానే పట్టుకున్నాడు కానీ అది ఒక్కసారి గింజుకుంది. ముల్లు దిగింది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు, చేప మాత్రం వదల్లేదు.