అర నిమిషం వెలుగు కోసం సగం రోజు ప్రయాణం

పర్లాకిమిడిలో పొద్దున్నే బస్సెక్కి, పాతపట్నం మీదుగా శ్రీకాకుళం చేరి, ఆస్పత్రిలో నా వంతు వచ్చేదాకా కూర్చుంటే, ఆ ట్యూబ్‌లైట్ల పెట్టెలో నన్ను నిలబెట్టింది అర నిమిషం. నల్ల కళ్లద్దాలు పెట్టారు. ఒంటికి వెచ్చదనం తెలిసేలోపే లైట్లు ఆరిపోయాయి. "ఇంతేనా సిస్టర్?" అన్నాను. "ఇంతేనమ్మా. వారానికి మూడుసార్లు రావాలి" అంది.

ఆ లైటు వైద్యం నా సొరియాసిస్‌కి. చర్మం పొలుసులు కట్టే ఈ జబ్బు నాకు వచ్చి ఆరేళ్లు. మోచేతులు, మోకాళ్లు, వీపు. రోజూ పక్క దులిపితే పొట్టు రాలేది. ఇది అంటువ్యాధి కాదు, అయినా పెళ్లిళ్లలో నా పక్కన కూర్చోడానికి జంకేవాళ్లు. ఒక మందుల షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ నెలల తరబడి రాశాను. మానగానే రెట్టింపుగా తిరగబెట్టింది.

లైటు చర్మాన్ని మాడ్చి పొట్టు పోగొడుతుందనుకున్నాను. డాక్టరుగారు కాదన్నారు. రోగాల నుంచి మనల్ని కాపాడాల్సిన టీ కణాలే (ఒక రకం తెల్ల రక్తకణాలు) చర్మంలో చేరి, శత్రువు లేకుండానే పోరాడుతున్నాయట. ఐఎల్-17 లాంటి, వాపు పెంచే రసాయనాలు వదిలి, చర్మాన్ని తొందర పెడతాయి. మామూలుగా నెల పట్టే చర్మం ఎదుగుదల నాలుగైదు రోజుల్లో అయిపోయి, పచ్చిగానే పైకి వచ్చి పొలుసు కడుతుంది. ఆ పెట్టెలోని లైట్ల నుంచి వచ్చే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు (తరంగదైర్ఘ్యం 311 నానోమీటర్ల దగ్గర) తగిలితే ఆ టీ కణాల్లో చాలావరకు వాటంతటవే చనిపోతాయి, పోరు ఆపించే రకం కణాలు బలం పుంజుకుంటాయి. ఈ మాట విన్నాకే నాకు ఓపిక వచ్చింది. లోపల కణాలు తగ్గాలి, ఆ తర్వాతే పైన కనపడాలి కదా.

అయినా రెండు వారాలకి తేడా కనపడక టెన్షన్ పడ్డాను. "ఎండా వెలుగే కదమ్మా, మేడమీద కూర్చో" అన్నారు అత్తయ్య. మిట్టమధ్యాహ్నం కూర్చున్నాను. వీపంతా ఎర్రబడి మండింది. డాక్టరుగారు ఆ వారం లైటు ఆపేసి, తర్వాత మోతాదు తగ్గించారు. ఎండలో అన్ని కిరణాలూ కలిసి ఉంటాయి, కొలత ఉండదు. ఈ వైద్యం చేస్తున్నవాళ్లు దయచేసి ఆ పని చేయకండి.

పదకొండోసారికి పొట్టు రాలడం తగ్గింది. ఇరవై ఆరు సార్లకి వీపు నునుపైంది, నల్లమచ్చలు మిగిలాయి. పాత పోరును గుర్తుపెట్టుకునే కొన్ని టీ కణాలు, అంటే జ్ఞాపక కణాలు, చర్మంలోనే ఉండిపోతాయని, అందుకే మళ్లీ వస్తే పాతచోటే రావచ్చని చెప్పారు. కుడి మోచేతి దగ్గర రూపాయి బిళ్లంత చోటు ఇంకా గరుకుగానే ఉంది. మంగళవారం వెళ్లి చూపించాలి.