ఇత్తడి కొట్టులో దొరికిన బర్మా స్టార్

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్న కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే మూడు లాంతర్ల దగ్గర పాత ఇత్తడి సామాన్లు కొనే ఆయన ఫోను చేశాడు. "గురువుగారూ, మీరు అడుగుతుంటారే, మిలటరీ బిళ్ళ, అలాంటిది ఒకటి నిన్న తూకంలో వచ్చింది. కరిగింపుకి పోకముందే వచ్చి చూసుకోండి" అన్నాడు. తపాలా శాఖలో ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి విజయనగరంలోని పాత సామాన్ల కొట్లన్నిటిలోనూ నేను చెప్పి ఉంచిన మాట అదే కాబట్టి, స్నానం కూడా వాయిదా వేసుకుని భూతద్దం జేబులో పెట్టుకుని బయలుదేరాను.

నేను వెళ్ళేసరికి ఆయన దానిని చింతపండుతో తోమి, కడిగి, కొత్త కుందిలా మెరిపించి గోనెపట్టా మీద పెట్టి ఉంచాడు. నాకు సంతోషం కలగాలని చేసిన పని అది. కానీ ఎనభై ఏళ్ళుగా లోహం మీద కట్టిన ఆ గోధుమరంగు పొర ఒకసారి పోతే మళ్ళీ రాదు, పైగా ప్రతి తోముడుకూ అక్షరాల అంచులు కొంచెం అరుగుతాయి. ఇంకెప్పుడూ తోమవద్దని నెమ్మదిగా చెప్పాను. ఆరు కోణాల నక్షత్రం, మధ్యలో కిరీటమూ ఆరవ జార్జి రాజు పేరును సూచించే పొడి అక్షరాలూ, వాటి చుట్టూ 'ది బర్మా స్టార్' అన్న మాటలూ ఉన్నాయి. రిబ్బను లేదు, రింగు మాత్రం ఉంది. పోతపోసి చేసిన నకళ్ళు ఈ మధ్య చాలా తిరుగుతున్నాయి. వాటి మీద అక్షరాలు మొద్దుబారి, ఉపరితలం మీద సూదిమొన లాంటి చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఇది అచ్చు కొట్టినది. రాగి, జింకు కలిసిన లోహం కావడం వల్ల చూడడానికి అచ్చంగా ఇత్తడిలా ఉంటుంది. ఇత్తడి తూకంలో కలిసిపోవడానికి కారణం అదే.

వెనక్కి తిప్పి భూతద్దం కింద పెట్టేసరికి నా గుండె వేగం పెరిగింది. నంబరు, హోదా, పేరు, దళం ఒకదాని పక్కన ఒకటి గుద్ది ఉన్నాయి. రెండవ ప్రపంచ యుద్ధపు నక్షత్ర పతకాలను బ్రిటిషు సైనికులకు పేరు లేకుండానే ఇచ్చారు. భారతీయులకు, దక్షిణాఫ్రికా వారికి, తరువాత ఆస్ట్రేలియా వారికి ఇచ్చిన వాటి మీద మాత్రం వెనుక పేరు గుద్దారు. మన వాళ్ళ పతకాలను సేకరించే వారికి ఇంతకంటే పెద్ద వరం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే పేరు లేని పతకం ఒక యుద్ధాన్ని మాత్రమే చెబుతుంది, పేరున్న పతకం ఒక ఇంటిని వెతుక్కుంటూ వెళ్ళమంటుంది. ఆ పేరును ఇక్కడ రాయను, అది వారి ఇంటికి చెందినది. మన ప్రాంతపు ఇంటిపేరేనని మాత్రం చెప్పగలను. దళం పయనీర్ కోర్, అంటే తుపాకీ కంటే పారా, గునపమూ ఎక్కువగా పట్టి, సైన్యం నడవడానికి దారులు వేసినవారు.

దీనితో పాటు ఇంకేమైనా వచ్చాయా అని అడిగాను. రెండు బిందెలు, ఒక చెంబు, ఒక విరిగిన దీపపు సెమ్మె వచ్చాయన్నాడు. బిందె అంచు మీద, మనవాళ్ళు పెళ్ళి సామాన్ల మీద చెక్కించే పద్ధతిలోనే, ఒక ఆడమనిషి పేరూ, గజపతినగరం వైపున్న ఒక ఊరి పేరూ, పెళ్ళి జరిగిన సంవత్సరమూ చెక్కి ఉన్నాయి. నక్షత్రానికి మూడు వందలు ఇచ్చి, బిందె మీది చిరునామాను నోటు పుస్తకంలో రాసుకుని, పదకొండు గంటల బస్సు ఎక్కాను.

ఇలా ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళడం నాకు మొదటి నుంచి ఉన్న అలవాటు కాదు. పదేళ్ళ క్రితం ఒక వ్యాపారి దగ్గర 'మెన్షన్ ఇన్ డిస్పాచెస్' ప్రశంసాపత్రం ఒకటి కొన్నాను. యుద్ధ నివేదికలో సైనికుని పేరు ప్రత్యేకంగా ప్రస్తావించినప్పుడు ఇచ్చే పత్రం అది. దానితో పాటు ఇచ్చే చిన్న కంచు ఓక్ ఆకును వార్ మెడల్ రిబ్బను మీద పెట్టుకుంటారు. ఆ మెడలూ ఆకూ ఏవని అడిగితే, వారం ముందే వేరే ఊరి వారికి అమ్మేశానని ఆయన తాపీగా చెప్పాడు. ఒకే పెట్టెలో డెబ్భై ఏళ్ళు కలిసి ఉన్న కాగితాన్నీ లోహాన్నీ నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని విడదీసినందుకు ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. ఆ పత్రం నా దగ్గరే ఉంది, కానీ దానిని చూసినప్పుడల్లా సగం ఉత్తరం చదివినట్టే ఉంటుంది. అప్పటి నుంచి ఏ పతకం దొరికినా దాని కాగితం ఎక్కడుందో కనుక్కోవడానికి నా శక్తికొద్దీ ప్రయత్నిస్తున్నాను. 1965 యుద్ధం నాటి సమర్ సేవా స్టార్, 1971 యుద్ధం నాటి పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ నా దగ్గర ఉన్నాయి. అవన్నీ సైనికుల కుటుంబాలు స్వయంగా, కాగితాల నకళ్ళతో సహా ఇచ్చినవే.

చంపావతి దాటిన తరువాత ఊరు కనుక్కోవడం కష్టం కాలేదు. బిందె మీద పేరున్న ఆవిడే వీధి అరుగు మీద కూర్చుని చింతపిక్కలు తీస్తోంది. డెబ్భై ఎనిమిదేళ్ళు ఉంటాయట. మనవరాలి పెళ్ళికి స్టీలు సామాను కొనడానికి కోడలు పాత ఇత్తడిని వేసిందనీ, అందులో 'ఆ పువ్వు బిళ్ళ' కూడా పోయిందనీ చెప్పింది. "మా అయ్యది బాబూ అది. రంగం యుద్ధానికెల్లినప్పుడు దొరలిచ్చారంట. నాను మూడేళ్ల గుంటని, అయ్య పోయాడు. నాకేటీ గురుతు లేదు" అంది.

రంగం అన్న మాట వినగానే నేను అరుగు మీద ఆమె పక్కనే కూర్చున్నాను. బర్మాలోని రంగూన్‌ను మన ఉత్తరాంధ్రలో రంగూన్ అని ఎవరూ అనలేదు, రంగమనే అన్నారు. కూలికోసం ఓడలెక్కి వెళ్ళినవారికీ, 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు కొండలూ అడవులూ పడి కాలినడకన తిరిగి వచ్చినవారికీ అది రంగమే. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయి. ఆ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు చేరింది, నిర్బంధంగా చేర్చుకోకుండానే. 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 వరకు బర్మా యుద్ధరంగంలో పనిచేసిన వారికి ఇచ్చినదే ఈ నక్షత్రం. ఆమెకు అంత వివరంగా చెప్పలేదు. మీ అయ్య వెళ్ళిన చోటు అదేనమ్మా అని మాత్రం అన్నాను.

ఇంకేమైనా బిళ్ళలు ఉన్నాయా అని అడిగితే దేవుడి గూడు దగ్గరకు తీసుకువెళ్ళింది. సింహాద్రి అప్పన్న పటం ముందు, పసుపు కుంకుమలతో నిండిపోయి, తెల్లటి గుండ్రని బిళ్ళ ఒకటి ఆనించి ఉంది. అది 1939-45 వార్ మెడల్. రాజు బొమ్మ వెనుక వైపుకు పోయి, రెండు తలల డ్రాగన్ మీద నిలబడిన సింహం ఇటు వైపుకు ఉంది. ఆ సింహాన్ని చూసి వాళ్ళ అమ్మ అప్పన్న స్వామేనని గూట్లో పెట్టిందట. డెబ్భై ఏళ్ళకు పైగా పూజ అందుకుంటూ ఉంది. ఇన్నేళ్ళలో నేను చూసిన వార్ మెడళ్ళలో ఇంత భద్రంగా ఉన్నది మరొకటి లేదు. ఆమె అనుమతితో తీసి, అంచు మీది కుంకుమను మెత్తటి గుడ్డతో తుడిచి చూస్తే అదే నంబరు, అదే పేరు.

అప్పుడు కాగితం మాట అడిగాను. ట్రంకు పెట్టె అడుగున, పట్టుచీర మడతలో, నాలుగు మడతల దగ్గరా చిరగడానికి సిద్ధంగా ఉన్న డిశ్చార్జి పత్రం, అంటే సైన్యం నుంచి విడుదల చేసినప్పుడు ఇచ్చే కాగితం, బయటకు వచ్చింది. పింఛను ఏమైనా వస్తుందేమోనని ఒకప్పుడు ఎవరికో చూపించారట, ఆయన రాదని చెప్పి తిరిగి ఇచ్చేశాడట. అంతకుమించి అందులో ఏముందో ఎవరూ చదివి చెప్పలేదు. అంతా ఇంగ్లీషులో ఉంది. మూడవసారి అదే నంబరు కనిపించింది. జిల్లా వైజాగపట్నం అని ఉంది. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, 1979లో ఏర్పడిన విజయనగరం జిల్లా సంగతి చెప్పనక్కరలేదు. నడవడిక చాలా మంచిదని ఒక అధికారి రాశాడు. సంతకం చేయవలసిన చోట ఎడమ బొటనవేలి ముద్ర ఉంది. గీతలు ఇప్పటికీ స్పష్టంగా, ముద్ర మధ్యలో ఒక చిన్న కోత గుర్తుతో సహా ఉన్నాయి.

ఆమెకు ఒక్కొక్క గడీ చదివి తెలుగులో చెబుతూ వచ్చాను. గుర్తింపు చిహ్నాల దగ్గరకు వచ్చేసరికి, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని చదివాను. ఆమె పిక్కలు తీసే కత్తి కింద పెట్టేసింది. వాళ్ళ అయ్యకు ఒక్క ఫొటో కూడా లేదని నాకు అప్పటికి తెలియదు. "మచ్చుందా బాబూ? ఎడం పక్కా?" అని రెండుసార్లు అడిగి, లోపల ఉన్న కొడుకును పిలిచి అతని ముఖాన్ని వెలుతురుకు తిప్పి చూసింది. అతనికి లేదు. ఎత్తు ఎంతని రాశారో చెప్పమంది. ఐదడుగుల నాలుగంగుళాలు అన్నాను. "అంటే ఎంతుంటాడు?" అంది. మనవడు టేపు తెచ్చాడు. ద్వారబంధం మీద సుద్దముక్కతో గీత గీశాను. ఆమె ఆ గీత దగ్గరకు వెళ్ళి నిలబడి, దాని మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నక్షత్రాన్ని ఆ పత్రం మీద పెట్టి తిరిగి తీసుకోలేకపోయాను. అది నాకు అమ్మిన వస్తువేననీ, డబ్బు తీసుకోకపోతే ఊరుకోననీ కొడుకు పట్టుబట్టాడు. ఆ మూడు వందలూ తీసుకున్నాను, లేకపోతే వారికి చిన్నతనంగా ఉండేది. పత్రాన్ని రెండు వైపులా ఫొటోలు తీసుకుని, నకళ్ళు మూడు తీయించి ఒకటి నేను ఉంచుకున్నాను. ఇకపై దానిని మడత పెట్టవద్దనీ, ప్లాస్టిక్కు కవరులో అసలే పెట్టవద్దనీ, గూట్లో బిళ్ళను చింతపండుతో తోమవద్దనీ చెప్పాను. పూజ మానమని మాత్రం నేను అనలేదు.

ఇంటికి వచ్చి రిజిస్టరులో పద్దు రాశాను. నంబరు, పేరు, రెండు పతకాలు, ఒక పత్రం. 'ఉన్న చోటు' అన్న గడిలో వారి ఊరి పేరు. వచ్చే ఆదివారం పత్రానికి సరిపడే అట్ట ఫోల్డరూ, రెండు పతకాలకు రిబ్బన్లూ పట్టుకెళ్ళాలి. బర్మా స్టార్ రిబ్బను ముదురు నీలం. మధ్యలో వెడల్పాటి ఎరుపు పట్టీ, రెండు వైపుల నీలంలోనూ ఒక్కొక్క నారింజ గీత. ఆ నారింజ సూర్యుడికి గుర్తు అని చెబితే, అయితే అది కూడా గూట్లోనే పెడతానంది ఆవిడ.