నాన్నకి చెప్పిన జార్జ్ స్టీవెన్స్ కథ

నాన్న 27 ఏళ్లు అరకు రూట్లో ఆర్టీసీ బస్సు నడిపాడు. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఘాట్ మలుపుల్లో, వానల్లో, మంచులో, ఒక్కసారి కూడా బండికి గీత పడనివ్వలేదు. రిటైరయ్యాక మొన్న జనవరిలో పాల ప్యాకెట్లకి వెళ్లి, కంచరపాలెంలో మా సందు మలుపులోనే ఇసక మీద స్కూటీ జారి పడిపోయాడు. తుంటి ఎముక విరిగింది. నొప్పి కంటే సిగ్గే ఎక్కువ బాధపెట్టింది ఆయన్ని. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ "ఘాట్‌లో పడనోడివి, ఇక్కడ పడ్డావేటి?" అనే అడిగేవారు.

నాకు పాత గుర్రప్పందేల చరిత్రంటే ప్రాణం. ఒక రాత్రి నాన్న నిద్ర పట్టక అటూ ఇటూ కదులుతుంటే, మంచం పక్కన కూర్చుని జార్జ్ స్టీవెన్స్ అనే జాకీ, అంటే పందెం గుర్రాల రౌతు, గురించి చెప్పాను.

1833లో ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో పుట్టాడు. లివర్‌పూల్ దగ్గర ఎయిన్‌ట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్ అంటే కంచెలూ కాలవలూ దూకుతూ ఏడు కిలోమీటర్ల పరుగు. గుర్రాలు గుంపుగా ఒకే కంచె మీదికి వెళ్తాయి, ముందుది పడితే వెనకదానికి దారుండదు. అలాంటి పందెం స్టీవెన్స్ అయిదుసార్లు గెలిచాడు. 1856లో ఫ్రీట్రేడర్ అనే గుర్రం మీద, 1863లో ఎంబ్లమ్ మీద, మరుసటేడు దాని సొంత చెల్లెలు ఎంబ్లమాటిక్ మీద, 1869, 70ల్లో ద కర్నల్ మీద. ఆఖరిది గుర్రం మెడంత తేడాతో. ఇప్పటికీ ఏ జాకీ ఆ అయిదూ దాటలేదు. అయినా ఆ పేరు ఎంతమందికి తెలుసు?

"ఎలా గెలిచేవాడు?" అన్నాడు నాన్న.

మొదటి రౌండంతా వెనకే ఉండేవాడని చెప్పాను. ముందు తొక్కిసలాటలో పడేవాళ్లు పడేవారు. రెండో రౌండులో, గుర్రంలో ఇంకా ఊపిరుండగా, ఒక్కొక్కళ్లనే దాటుకుంటూ వచ్చేవాడు.

నాన్న మోచేతి మీద కాస్త పైకి లేచాడు. "అదేరా పనితనం. ముందు లారీకి తోకలా అంటుకుపోకూడదు. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు. తొందరపడినోడికి బ్రేకు మిగల్దు." దుప్పటి మీద ఎడమచేత్తో గేరు వేసి చూపించాడు. పడ్డాక తన బస్సు గురించి మాట్లాడ్డం అదే మొదలు.

ఆ తర్వాతిది చెప్పాలా వద్దా అని కాసేపు ఆగాను. చెప్పేశాను. 1871లో, ద కర్నల్ మీద మళ్లీ గ్రాండ్ నేషనల్‌లో దిగిన ఏడాదే, సొంత ఊరి దగ్గర క్లీవ్ హిల్ మీద మామూలు గుర్రమెక్కి వెళ్తుంటే గాలికి టోపీ ఎగిరింది. ఎవరో తీసి అందించారు. అందుకుంటుండగా గుర్రం బెదిరి దిగువకి పరుగు తీసి తడబడింది. పుర్రె పగిలి స్టీవెన్స్ చనిపోయాడు. పడ్డ చోట రోడ్డు పక్కన ఒక రాయి నాటారు.

నాన్న చాలాసేపు ఫ్యాన్ వైపే చూశాడు. "సముద్రం ఈదినోడికి పిల్లకాలువ ఒక లెక్కా అంటారు," అన్నాడు. "లెక్కేరా."

పొద్దున్న పక్కింటి మావయ్య వచ్చి మళ్లీ అదే ప్రశ్న వేశాడు. నాన్న కుర్చీ చూపించాడు. "కూర్చో బావా. ఇంగ్లండ్‌లో ఒకాయనుండేవాడు. మొదటి రౌండంతా వెనకాలే ఉండేవాడట..."