బొటనేలు గుట్ట

డిసెంబరు సాయంత్రం. నల్లగొండలో మా అమ్మ వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని మా పెద్దమ్మాయి కొండెక్కిన కథ చెబుతోంది. మొదటి వాక్యంలోనే మాట తట్టక ఆగిపోయింది. "అమ్మమ్మా, ఆ కొండ పేరు లె పూస్. లె పూస్ అంటే... ఇది" అని బొటనవేలు పైకెత్తి ఊపింది.

మా అమ్మ ఆ వేలిని రెండు చేతులతో పట్టుకుంది. "బొటనేలా బిడ్డా? గుట్టకు బొటనేలని పేరు వెట్టిండ్రా?"

"అవును! బొటనేలు!"

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ శిఖరానికి అదే పేరు. బొటనేలు గుట్ట.

మేముండేది మారిషస్‌లో. వెళ్లి తొమ్మిదేళ్లయింది. పెద్దమ్మాయికి పదకొండు, చిన్నోడికి ఏడు. లె పూస్ ఎత్తు 812 మీటర్లు, ఆ ద్వీపంలో ఎత్తులో మూడోది. దూరం నుంచి చూస్తే నిజంగానే పిడికిలి మీద బొటనవేలు నిలబెట్టినట్టు ఉంటుంది. 1836లో డార్విన్ ఓడ ప్రయాణంలో మారిషస్‌లో ఆగినప్పుడు ఈ కొండ ఎక్కాడు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి పెద్దమ్మాయి ఒకటే పట్టు. జూన్‌లో, అంటే అక్కడి చలికాలంలో, ఒక ఆదివారం బయల్దేరాం.

మొదట్లో చెరకు తోటల పక్కన చదునుగా, హాయిగా ఉంది. తర్వాత అడవి. రాత్రి వాన పడిందేమో, ఎర్రమట్టి జారుడు బల్లలా ఉంది. చెట్ల వేర్లే మెట్లు. అరగంటకే చిన్నోడు కూర్చుండిపోయాడు. వాణ్ని లేపింది నేనూ కాదు, వాళ్ల నాన్నా కాదు, జామపండ్లు. అక్కడ అడవంతా అల్లుకుపోయిన చిన్న ఎర్ర జామలు ఉంటాయి, గోలీకాయంత. పుల్లగా, తియ్యగా, నోరంతా గింజలు. రెండు జేబులూ నింపుకొని, చెట్టు చెట్టుకూ ఆగుతూ నడిచాడు. గంటన్నరలో ఎక్కేస్తామనుకున్నది రెండున్నర గంటలు పట్టింది.

చివరి భాగం అసలైన పరీక్ష. నల్లటి గరుకు రాయి, నిటారుగా ఉంది. చేతులతో పట్టుకుంటూ ఎక్కాలి. నా తొడలు వణుకుతున్నాయి. నాకు ముందు పెద్దమ్మాయి. సగంలో దాని కాలు పట్టు తప్పింది. గుండె నోట్లోకొచ్చింది నాకు. "పైలం బిడ్డా! పైలం! రాయి ఇడువకు!" అని అరిచాను.

అది వెనక్కి తిరిగి అయోమయంగా నన్ను చూసింది. నా మాట దానికి అర్థం కాలేదు.

పైనుంచి దిగుతున్న ఒక పెద్దాయన, అక్కడి మనిషి, "పా పేర్, పా పేర్" అంటూ చెయ్యి చాచాడు. భయపడకు అని, అక్కడివాళ్లు మాట్లాడే క్రియోల్ భాషలో. వెంటనే ఆ చెయ్యి పట్టుకొని ఎక్కేసింది. ఆయనకు దండం పెట్టాను. మనస్ఫూర్తిగానే పెట్టాను. కానీ లోపల ఏదో కలుక్కుమంది.

శిఖరం మీద గాలి కొట్టేస్తోంది. ఒక పక్క పీటర్ బోత్ కొండ, దాని కొన మీద పెట్టినట్టున్న గుండ్రటి బండ. ఇంకో పక్క పోర్ట్ లూయిస్ పట్నం, ఓడరేవు, దాని అవతల అంతూపొంతూ లేని నీలం. పిల్లలకు ఆ రేవును చూపించాను. 1834 నుంచి మన దేశపు కూలీలు ఓడలు దిగింది అక్కడే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఎక్కినవాళ్లూ ఉన్నారు, అందుకే ఆ కాలంలో తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఈనాటికీ ఉగాది చేసుకుంటారు. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు కూడా. బడిలో తెలుగు చెబుతారు. మా పెద్దమ్మాయి నేర్చుకున్నది ఆ తెలుగే.

ఇవన్నీ చెబుతున్నాను గానీ నా మనసు కింద రాతి దగ్గరే ఆగిపోయింది. పులిహోర డబ్బా తెరుస్తుంటే అదే అడిగింది. "అమ్మా, ఇందాక ఏమన్నావు? జాగ్రత్త అనొచ్చు కదా."

నిజమే, జాగ్రత్త అని ఉంటే దానికి తెలిసేది. తొమ్మిదేళ్లుగా పిల్లలతో నేను మాట్లాడుతున్నది జాగ్రత్త తెలుగు. పుస్తకాల్లో ఉండేది, ఎవరి ముందైనా మాట్లాడగలిగేది. చిన్నప్పుడు హైదరాబాద్ హాస్టల్లో నా మాటకు తోటిపిల్లలు నవ్వితే నేను నేర్చుకున్న తెలుగు అది. నా పిల్లలను ఎవరూ నవ్వకూడదని అదే ఇచ్చాను. ప్రాణం మీదికొచ్చేసరికి మాత్రం నా నోట్లోంచి వచ్చింది మా అమ్మ మాట. దాన్ని నా బిడ్డ ఎప్పుడూ విననేలేదు. ప్రవాసంలో పిల్లలకు తెలుగు రావట్లేదని అందరం బాధపడతాం. వచ్చినా అది మన ఇంటి తెలుగు కాకపోవచ్చని నాకు ఆ కొండ మీద తెలిసింది. నాకైతే అదే ఎక్కువ నొప్పి.

అందుకే డిసెంబరు సెలవులకు నల్లగొండ రాగానే, కొండ కథ అమ్మమ్మకు నువ్వే చెప్పాలి అన్నాను. నేను మధ్యలో ఒక్క మాట అందించలేదు. మా అమ్మే అందించింది. పిల్ల దారి అంటే మా అమ్మ తొవ్వ అంది. దాహం అంటే దూప అంది. "కాళ్లు నొప్పి" అంటే "కాళ్లు గుంజినయా బిడ్డా" అని ఆ కాళ్లను ఒళ్లోకి లాక్కొని పిసికింది, ఎక్కింది ఆర్నెల్ల కిందటైనా సరే. చిన్నోడు పీటర్ బోత్ మీది బండ గురించి చేతులు బారజాపి చెప్పాడు. "అది పడదు అమ్మమ్మా!" మా అమ్మ అంది, "మన దిక్కు చూడు నాయినా, బండ మీద బండ లేని గుట్ట ఏడున్నది?"

మా అమ్మ పుట్టింది మర్రిగూడ దిక్కు. చిన్నప్పటి నుంచి బావి నీళ్లు, బోరు నీళ్లు తాగింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే ఒంటికి చేటు. ఇక్కడి గ్రానైట్ రాతిలోంచి అది నీళ్లలోకి దిగుతుంది. పటిక, సున్నంతో ఆ నీళ్లను బాగుచేసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరుంది. ఊరి పేరు అలా పాకింది. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కానీ ఎముకల్లో చేరింది వెనక్కి పోదు. మా అమ్మ మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిరగాలి. మోకాళ్లు సగమే వంగుతాయి. నన్ను చంకనేసుకొని ఉర్సుకు లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కిన మనిషి.

ఆ సంగతి విని పిల్లలు పట్టుబట్టారు. మర్నాడు పొద్దున్నే ఆటోలో అందరం గుట్ట కిందికి చేరాం. అమ్మ కిందే కూర్చుంటానంది. పెద్దమ్మాయి ఒప్పుకోలేదు. "ఒక్క మెట్టు, అమ్మమ్మా." ఒక చెయ్యి అమ్మ నడుం వెనక, ఇంకో చెయ్యి మోచేతి కింద. మా అమ్మ ముందు కుడికాలు పెడుతుంది, ఎడమకాలిని దాని పక్కకు తెచ్చుకుంటుంది, ఊపిరి తీసుకుంటుంది. పిల్ల కూడా అచ్చం అలాగే కుడికాలు పెట్టి, ఎడమకాలు తెచ్చుకొని, ఆగింది. అలా ఏడు మెట్లు. ఏడో మెట్టు మీద అమ్మ కూర్చుంది. "ఇగ నాతోని కాదు. మీరు పోయి రాండ్రి."

"నేనూ ఇక్కడే," అంది పెద్దమ్మాయి. డార్విన్ ఎక్కిన కొండ కోసం ఏడాది సతాయించిన పిల్ల.

నేనూ చిన్నోడూ పైకి వెళ్లాం. దర్గా దగ్గర చల్లగా ఉంది. ఎదురుగా కాపురాల గుట్ట, మధ్యలో ఊరు. చిన్నోడు నలువైపులా చూసి, "సముద్రం ఏది?" అన్నాడు. కొండెక్కితే సముద్రం కనిపించాలని వాడి లెక్క. పానగల్ వైపు వేలు చూపించి, అటు ఉదయసముద్రం ఉంది, కందూరు చోడ రాజుల నాటి చెరువు అని చెప్పాను. చెరువును సముద్రం అన్నందుకు వాడు చాలాసేపు ఆలోచించాడు. తర్వాత అరచేత్తో బండ నిమిరి, "ఇది నున్నగా ఉందమ్మా, అక్కడిది గీరుకుంది" అన్నాడు. అక్కడిది అగ్నిపర్వతం పోసిన రాయి, పుట్టి 80 లక్షల ఏళ్లు. ఇది 250 కోట్ల ఏళ్ల గ్రానైట్. "అయితే ఇదే అమ్మమ్మ," అన్నాడు.

దిగేటప్పుడు "పైలం" అన్నాను. కావాలనే అన్నాను. ఇప్పుడు ఇంట్లోనూ అంటున్నాను.

కిందికొచ్చేసరికి గంట దాటింది. ఏడో మెట్టు మీద మా అమ్మ, ఒక మెట్టు కింద ఆమె మోకాళ్లకు ఆనుకొని పెద్దమ్మాయి. కథ మళ్లీ మొదటి నుంచి నడుస్తోంది. "తొవ్వ మొత్తం జారుతున్నది అమ్మమ్మా, తమ్ముడు కూసున్నడు..." మా అమ్మ ఊఁ కొడుతోంది. ఇంకా జామపండ్ల దాకా కూడా రాలేదు.