టెంపరేచర్ ముల్లు లేచింది సరే, ఇంజన్ నిజంగా కాగిందా?

ఎండాకాలంలో కడప నుంచి రాయచోటి పోతుంటే గువ్వలచెరువు ఘాట్‌లో బానెట్ లేపి నిలబడ్డ పాత కార్లు కనిపిస్తూనే ఉంటాయి. ఎక్కుడు, ఎండ, పాత రేడియేటర్, మూడూ కలిస్తే కాగడంలో వింతేం లేదు. మా కార్బురేటర్ కాలపు బండి సంగతి వేరు. ఘాట్ ఎక్కేటప్పుడు బుద్ధిగా సగంలో నిలబడే ముల్లు, పొద్దు గూకాక కడప ఊళ్లో తిరిగేటప్పుడు మాత్రం ఉన్నట్టుండి హెచ్ (వేడి గుర్తు) దగ్గరికి పోతోంది. ఆవిరి లేదు, కూలెంట్ తగ్గలేదు, బండి లాగడంలో తేడా లేదు.

షెడ్డు కుర్రాడికి ఇదంతా చెప్తే, "హెడ్ గ్యాస్కెట్ పోయింటాదన్నా, విప్పి చూడాల" అన్నాడు. ఇంజన్ బ్లాక్‌కీ దాని పైనుండే హెడ్‌కీ మధ్య ఉండే సీలు అది. "విప్పేది తర్వాత చూద్దాంలే అబ్బీ" అని వచ్చేశా. హెడ్ విప్పితే ఎంత ఖర్చో తెలిసినవాడెవడూ ముల్లు ఒక్కదాన్ని నమ్మి ఆ పనికి దిగడు.

ముల్లు ఎంత పైకి పోయింది అన్నదానికంటే ఎంత వేగంగా పోయింది అన్నది చూడాలి. అంత ఇనుము, అన్ని నీళ్లు వేడెక్కాలంటే టైం పడుతుంది. కన్ను మూసి తెరిచేలోపు సగం నుంచి హెచ్‌కి ఎగిరిందంటే ముందు అనుమానించాల్సింది వైరింగ్‌ని. అలాగని ధీమాగా నడుపుతూ పోమని కాదు, ఆవిరి వస్తున్నా, తీపి వాసన వస్తున్నా బండి పక్కకు తీసి ఆపేయాల్సిందే. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత జోలికి అస్సలు పోవద్దు. అన్నట్టు, కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ ఇంజన్ మీద పెట్టి లాభం లేదు, అది మనిషి జ్వరం చూడ్డానికి చేసింది.

పాత బండ్లలో ఏర్పాటు చాలావరకు ఇంతే: ఇంజన్‌కి బిగించిన చిన్న సెన్సర్, దానికి ఒకటే వైరు, ఎర్త్ (కరెంటు తిరిగి పోయే దారి) ఇంజన్ ఇనుము నుంచే. వేడి పెరిగేకొద్దీ సెన్సర్ రెసిస్టెన్స్ తగ్గి, దాని గుండా కరెంటు ఎక్కువ పారి, ముల్లు లేస్తుంది. అందుకే ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి ఆ వైరు పీకితే ముల్లు సి (చల్లదనం గుర్తు) దగ్గరికి పడిపోవాలి, వైరు కొసను ఇంజన్‌కి తాకిస్తే హెచ్ వైపు లేవాలి. తాకించి వెంటనే తీసేయండి, అలాగే పట్టుకుంటే మీటరే కాలిపోవచ్చు. వైరు పీకినా ముల్లు దిగకపోతే వైరు దారిలో ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతున్నట్టు. ఫ్యాన్ స్విచ్ చాలా బండ్లలో వేరే ఉంటుంది, దాని వైరు పీకి కూర్చోకండి. కంప్యూటర్ ఉన్న కొత్త బండ్లలో అయితే ఈ ప్రయోగమే వద్దు.

మా బండిలో ముల్లు దిగింది, లేచింది కూడా. అంటే మీటరు, వైరు ఓకే. సెన్సర్ విప్పి వేడినీళ్ల గిన్నెలో ముంచి మల్టీమీటర్ పెడితే నీళ్లు వేడెక్కేకొద్దీ రీడింగ్ చక్కగా తగ్గుతూ వచ్చింది. (మళ్లీ బిగించేటప్పుడు సెన్సర్ థ్రెడ్ల నిండా టెఫ్లాన్ టేపు చుట్టేవాళ్లున్నారు. టేపు మందమైతే సెన్సర్‌కి ఎర్త్ అందదు, అదింకో తలనొప్పి.)

ఇక మిగిలింది ఆ సాయంత్రం సంగతే. ఇంటి ముందే ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేశా. టెంపరేచర్ ముల్లు టక్కున లేచింది, పక్కన పెట్రోల్ ముల్లు కూడా దాంతోపాటే కదిలింది. ఆర్పితే రెండూ వెనక్కి. లైట్లు వేస్తే నీళ్లు మరగవు కదా! షెడ్డుకు పగలు తీసుకుపోతే ఏమీ దొరకనిది ఇందుకే. రెండు మీటర్లూ ఒకేసారి తప్పు చెప్తున్నాయంటే వాటికి ఉమ్మడిగా ఉన్నదాన్ని పట్టుకోవాలి: మీటర్ బోర్డు ఎర్త్, కొన్ని పాత బండ్లలో అయితే లోపల మీటర్లకు నిలకడగా వోల్టేజ్ ఇచ్చే స్టెబిలైజర్.

స్టీరింగ్ కింద టార్చి పట్టుకుని దూరితే నల్ల వైరు బాడీకి కలిసేచోట స్క్రూ వేలితో తిప్పినా తిరిగింది. లగ్గు (వైరు కొసనుండే రింగు) కింద తుప్పు, దాని మీద దుమ్ము పొర. బ్యాటరీ టెర్మినల్ తీసేసి, ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త స్క్రూ బిగించా, అంతే. హెడ్‌లైట్లు, బ్లోయర్, వైపర్లు అన్నీ కలిపి వేసినా టెంపరేచర్ ముల్లు ఇప్పుడు కదలడం లేదు. పెట్రోల్ ముల్లే, ఇన్నాళ్లూ రాత్రిపూట సగం ట్యాంకు ఉందని చెప్తూ వచ్చింది, ఇప్పుడు పావు దగ్గర నిలబడింది. రేపు బంకుకు పోవాల.