పుష్కరుడి పేరున్న ఊరికి అమ్మతో

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి నాన్నగారితో కలిసి అమరావతిలో మునిగాం. ఆయనకి అవే ఆఖరి పుష్కరాలు. ఆయన పోయాక అమ్మకి ఒక కోరిక పట్టుకుంది, రాజస్థాన్‌లోని పుష్కర్ వెళ్లాలని. "పుష్కరుణ్ణి శివుడి దగ్గర అడిగి తెచ్చుకుని కమండలంలో పెట్టుకున్నది బ్రహ్మే కదరా. ఆ బ్రహ్మ ఊరు ఒకసారి చూడాలి" అనేది. మొన్న మాఘమాసంలో కుదిరింది.

అజ్మీర్‌లో రైలు దిగి బస్సెక్కాం. నాగ్ పహాడ్ కొండ ఎక్కి అవతలికి దిగితే పుష్కర్ వచ్చేసింది. ఇరుకు సందులు, గులాబీల బుట్టలు, అడ్డంగా నిలబడ్డ ఆవులు. నడుస్తూ నడుస్తూ ఉండగా రెండు ఇళ్ల మధ్యనుంచి ఒక్కసారిగా నీళ్లు కనబడ్డాయి. అమ్మ అక్కడే చెప్పులు విడిచి, కొంగు భుజంమీదుగా కప్పుకుని దణ్ణం పెట్టింది. ఇంకా మెట్ల దగ్గరికి కూడా వెళ్లలేదు.

సరస్సు చుట్టూ 52 ఘాట్లు. బ్రహ్మ చేతిలోని తామర జారి మూడు చోట్ల పడితే నీళ్లు పుట్టాయనీ, అందులో పెద్దది ఇదేననీ, అందుకే జ్యేష్ఠ పుష్కరమనీ అంటారు. గాంధీగారి చితాభస్మం కలిపిన ఘాట్ కూడా ఇక్కడ ఉంది.

నాన్నగారికి తర్పణం వదలడానికి ఒక పండాగారితో కూర్చున్నాను. మంత్రం సగంలో ఆపి, దోసిట్లో నీళ్లు ఉండగానే ఎంత దానం ఇస్తావో చెప్పమన్నారు. ఆయన అడిగిన మొత్తం విని నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ మెల్లగా, "ఇవ్వగలిగింది చెప్పెయ్యి నాన్నా, నీళ్లు కారిపోతున్నాయి" అంది. చెప్పాను. మంత్రం పూర్తయింది. మీరు వెళ్తే దక్షిణ సంగతి కూర్చోకముందే మాట్లాడుకోండి. తండ్రి పేరు పలికే సమయంలో బేరం వినాల్సిరావడం చాలా బాధగా ఉంటుంది.

పావురాలకి గింజలు అమ్మే ముసలాయన పక్కనే కూర్చుని ఇదంతా చూశాడు. 2009లో సరస్సు ఎండిపోయిందనీ, ఆ కార్తీక పూర్ణిమకి వచ్చినవాళ్లు చిన్న కుంటల్లో నింపిన బోరు నీళ్లతో స్నానాలు చేశారనీ చెప్పాడు. పూడిక తీయడానికి నీళ్లు తోడేశారు, తర్వాత వానలు సరిగా పడలేదు. అది విన్నాక నేను ఆ నీళ్లని మళ్లీ చూశాను. అప్పటిదాకా అవి ఎప్పటికీ ఉంటాయన్నట్టే చూశాను.

బ్రహ్మ గుడి ఎత్తైన అరుగుమీద ఉంది. పాలరాతి మెట్లెక్కాలి. ఇప్పుడున్న కట్టడం 14వ శతాబ్దం నాటిదంటారు. ఎర్రటి శిఖరం, ద్వారంమీద హంస. లోపల నేలలో, గోడల్లో భక్తులు తమవాళ్ల పేర్లు చెక్కించి పొదిగిన వెండి నాణేలు ఉన్నాయి. గర్భగుడికి ఎదురుగా వెండి తాబేలు. నాలుగు ముఖాల స్వామి, పక్కన గాయత్రి. యజ్ఞానికి సావిత్రీదేవి రావడం ఆలస్యమైతే బ్రహ్మ గాయత్రిని పెళ్లాడి కూర్చోబెట్టుకున్నాడట. సావిత్రి వచ్చి చూసి, నీకు ఇక్కడ తప్ప మరెక్కడా పూజలు ఉండవని శపించి కొండెక్కింది. ఆ కొండమీద ఆవిడ గుడికి రోప్‌వే ఉంది. అమ్మ మోకాళ్లకి అదే దిక్కయింది.

ప్రపంచంలో బ్రహ్మకి ఇదొక్కటే గుడి అని ఒకాయన అంటుంటే అమ్మ ఊరుకోలేదు. "మా గుంటూరు దగ్గర చేబ్రోల్లో కోనేటి మధ్య చతుర్ముఖ బ్రహ్మ ఉన్నాడు, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు కట్టించారు" అని తెలుగులోనే చెప్పింది. హిందీలో నేను చెప్పాను. ఆయన చేతులు జోడించి, ఆ ఊరి పేరు రెండుసార్లు పలికి నేర్చుకున్నారు.

మాకు అసలు ఆశ్చర్యం బజార్లో ఎదురైంది. ఎడారి ఊళ్లో మన వైపు గుళ్లకుండే గోపురం! పాత రంగ్‌జీ గుడి. కట్టించింది హైదరాబాద్ సేఠ్ పూరణ్‌మల్ గనేరీవాల్. మన సీతారాంబాగ్ గుడి కట్టించింది కూడా ఆయనే. అమ్మ ఆ గోపురం నీడలో చాలాసేపు కూర్చుంది. పొద్దున జరిగిన దానికి మనసులో మిగిలిన కష్టం అక్కడే తగ్గిందనిపించింది.

సాయంత్రం మళ్లీ ఘాట్‌కి వెళ్లాం. హారతి గంటలు మోగుతుంటే అవతలి మెట్లు నారింజరంగులోకి తిరిగాయి. అమ్మ చివరి మెట్టుమీద కూర్చుని చిన్న సీసాలో నీళ్లు పట్టుకుంది. మూత బిగించి, నా జేబులోంచి పెన్ను తీసి, కాగితం ముక్కమీద 2028 అని రాసి అంటించమంది.

"కృష్ణా పుష్కరాలకి అమరావతిలో కలుపుదాం. మీ నాన్న మునిగిన చోటే."